బార్న్ అంటే జాగ

కొత్తగా లెక్చరర్ ఉద్యోగంలో చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. వాళ్లకు కావలసింది నేను గెలిచిన కథ. అలాంటివి నా దగ్గర రెండో మూడో ఉన్నాయి గానీ, మొదలుపెట్టగానే మా ఆవిడ వంటింట్లోంచి దగ్గుతుంది. అందుకని ఈసారి ఆమెకు దగ్గే అవసరం లేని కథ చెప్తాను. ఇందులో నేను ఇరవై ముగ్గురు విద్యార్థుల మీద కాపీ నేరం మోపాను. విచారణకు కూడా నేనే వెళ్లాను. దొంగను పట్టుకునే వచ్చాను.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. నల్లగొండలో డిగ్రీ పిల్లలకు తెలుగు మీడియంలో ఫిజిక్స్ చెప్పబట్టి అప్పటికి పదకొండేళ్లయింది. పదకొండేళ్లు ఒకే పాఠం చెప్తే మనిషికి తనమీద తనకు ఎంత గౌరవం పెరుగుతుందో మీకు ఇంకా తెలియదు, తెలుస్తుంది. నా భాష కూడా మారిపోయింది. మా అవ్వ మాట్లాడిన మాటలన్నీ ఇంటి గడపకు అవతలే వదిలేసి, క్లాసులో అచ్చు పుస్తకంలా మాట్లాడేవాణ్ని. పిల్లలెవరైనా జవాబు పత్రంలో "గిట్ల" అని రాస్తే ఎర్ర సిరాతో సున్న చుట్టేవాణ్ని.

కథలోకి వెళ్లేముందు ఒక కొలత గురించి చెప్పాలి. ఒక్క పేరాతో సరిపెడతాను. కేంద్రకాన్ని న్యూట్రాన్‌తో కొట్టాలనుకుంటే, ఆ కేంద్రకం ఎంత పెద్ద గురిగా నిలబడుతుందో చెప్పే వైశాల్యం ఒకటుంటుంది. దాన్ని బార్న్‌లలో కొలుస్తారు. ఇంగ్లీషులో ఆ మాటకు గడ్డీ గింజలూ దాచే కొట్టం అని అర్థం. యుద్ధకాలంలో అమెరికా శాస్త్రవేత్తలు, యురేనియం కేంద్రకం కొట్టమంత ఉందే అని వేళాకోళం చేశారట. ఆ పేరే నిలిచిపోయింది. నిజానికి ఒక చదరపు సెంటీమీటరును కోటి కోట్ల కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను తీసుకుని మళ్లీ వెయ్యి చేస్తే, వచ్చేది ఒక బార్న్. పుస్తకం భాషలో, పది పవర్ మైనస్ ఇరవై నాలుగు చదరపు సెంటీమీటర్లు. అదే కొలతను చదరపు మీటర్లలో ఎలా రాయాలన్నదే ఈ కథ.

ఆ ఏడు మా రెండు జిల్లాల పేపర్లు మహబూబ్‌నగర్‌లో దిద్దించారు. మే నెల. ఒక హైస్కూల్లో క్యాంపు. మా గదిలో ఫిజిక్స్ వాళ్లం ఎనిమిది మందిమి, మూలకు రెండు నీళ్ల రంజన్లు, తిరగడం కన్నా చప్పుడు ఎక్కువ చేసే ఒక ఫ్యాను. పక్క గదిలో కెమిస్ట్రీ వాళ్లు. వాళ్లలో మహబూబ్‌నగర్‌కే చెందిన ఒక సీనియర్ సారు నాకు పాత స్నేహితుడు. పాన్ నముల్తూ ప్రతి గంటకూ మా గదిలోకి వచ్చి, "ఏం ప్రొఫెసర్ సాబ్, ఎంతమందిని ముంచినవ్?" అని పలకరించి పోయేవాడు. నేను ప్రొఫెసర్ను కానని ఆయనకు తెలుసు. అందుకే అలా పిలిచేవాడు.

జవాబుల పట్టిక పైనుంచి సమయానికి రాలేదు. క్యాంపు ఆఫీసరు బోటనీ మనిషి, ఒక కాలేజీకి ప్రిన్సిపాలు. "నువ్వే సీనియర్‌వి గదా, జవాబులు బోర్డు మీద రాసెయ్ వయా" అన్నాడు. రాశాను. అందులో ఒక ఆరు మార్కుల లెక్క ఉంది. కాడ్మియం రేకులోకి దూసుకొచ్చిన న్యూట్రాన్ సగటున ఎంత దూరం పోయాక పట్టుబడుతుంది? కాడ్మియం వైశాల్యం రెండువేల ఐదువందల బార్న్‌లు అని ఇచ్చారు, ఘనపు మీటరుకు ఎన్ని పరమాణువులో ఇచ్చారు. నా జవాబు పది పవర్ మైనస్ ఎనిమిది మీటర్లు. ఎనిమిది మందిమీ తలలూపి దిద్దడం మొదలుపెట్టాం.

రెండు రోజులు హాయిగా గడిచాయి. నా చేతికొచ్చిన కట్టల్లో ఈ లెక్క చేసినవాళ్లంతా మైనస్ ఎనిమిదే రాస్తున్నారు. పాఠం బాగానే వెళ్లిందని సంతోషించాను. మూడోరోజు హుజూర్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక చిన్న కట్ట నా ముందు పడింది. మొదటి పేపర్లో జవాబు పది పవర్ మైనస్ నాలుగు. తప్పు కొట్టాను. రెండోది, మైనస్ నాలుగు. మూడోది, అదే. నాలుగో పేపరుకు వచ్చేసరికి నా చేతిలో కలం ఆగింది. ఎందుకంటే జవాబొకటే కాదు, దానిమీద రాసిన వాక్యం కూడా నాలుగింట్లో ఒకటే.

"బార్న్ అంటే జాగ. జాగను రెండుసార్లు మార్చాలె, పొడుగుకు ఒకపారి, వెడల్పుకు ఒకపారి."

కట్టలో మిగిలినవన్నీ తిరగేశాను. ఇరవై మూడు పేపర్లు. ఇరవై మూడింట్లో అదే వాక్యం, అదే మైనస్ నాలుగు. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని భాష. వైశాల్యం అనాల్సిన చోట జాగ! నాకు ముందు కోపం వచ్చింది ఆ మాట మీదే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కాపీ సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

కట్ట పట్టుకుని క్యాంపు ఆఫీసరు దగ్గరికి పోయాను. ఆయన రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చూశాడు.

"అందరు ఒకటే తీరు రైటు రాస్తే సదివిన్రు అనుకోవచ్చు. అందరు ఒకటే తీరు తప్పు రాసిన్రంటే కాపీ గాక ఇంకేంది?" అన్నాడు.

"నేనూ అదే అంటున్నాను" అన్నాను.

"మరి రాసియ్యి."

రాసిచ్చాను, పేజీన్నర. చక్కటి భాషలో. 'సామూహిక అవకతవక' అనే మాట మూడుసార్లు వాడినట్టు గుర్తు. ఆ కాలేజీ ఫలితాలు ఆపుతారని, ముందు ఇద్దరు వెళ్లి విచారించి రావాలని నిర్ణయమైంది. ఒకణ్ని నేను. రెండోవాడు కెమిస్ట్రీ సారు. ఆయన బట్టలు సర్దుకుంటూ, "గీ ఎండల నన్ను గుంజుకపోతున్నవ్. ఆ పిల్లల ఉసురు గాదు, నా ఉసురు తగుల్తది నీకు" అన్నాడు.

కల్వకుర్తి, దేవరకొండ, మిర్యాలగూడ. రెండు బస్సులు మారి సాయంత్రానికి హుజూర్‌నగర్ చేరాం. దారంతా నేను ఆయనకు కాపీల వల్ల దేశానికి వచ్చే నష్టం గురించి చెప్పాను. ఆయన సగం దారి నిద్రపోయాడు, మిగతా సగం నిద్రపోయినట్టు నటించాడు.

మర్నాడు పొద్దున కాలేజీకి వెళ్లాం. ఊరి చివర బియ్యం మిల్లు పక్కన పొడుగాటి రేకుల కప్పు, మధ్యలో తడికెలు కట్టి చేసిన నాలుగు గదులు. సెలవుల్లో కబురంపినా పదిహేడుమంది వచ్చారు. ఒకతను సున్నపురాయి క్వారీలో పని మధ్యలోంచి వచ్చాడు, చెవుల దాకా తెల్లటి దుమ్ము. ఒకామె ఏడాది పాపను చంకనేసుకుని వచ్చింది. ఫిజిక్స్ చెప్పే మేడమ్ ముందు బెంచీ దగ్గర నిలబడి ఉన్నారు. ఇరవై ఆరేళ్లుంటాయేమో. నూలు చీర, చేతిలో చాక్‌పీసుల డబ్బా. పార్ట్‌టైమ్ ఉద్యోగం. ఏటా పిలిస్తే ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు.

నేను కుర్చీలో కూర్చుని గంభీరంగా మొదలుపెట్టాను. "ఇరవై మూడుమంది ఒకే వాక్యం రాశారు. ఎవరు చెప్పి రాయించారు?"

"నేనే సార్," అన్నారు మేడమ్. "క్లాసుల చెప్పిన. గట్లనే యాదివెట్టుకోమన్న. మా బాపు సర్వే డిపార్ట్‌మెంటుల గొలుసు పట్టేటోడు. భూమి కొలిచేకాడికి నన్ను గూడ తోల్కపోయేది. మాకు సొంతంగ సెంటు భూమి లేకుండె గని, ఊరోళ్ల జాగలన్నీ నేను నడిచి కొలిచిన సార్. గొలుసు సగం చేస్తే జాగ సగం గాదు, పావు అయితది అని నాకు ఎనిమిదేళ్లప్పుడే తెలుసు. పిల్లలకు గూడ అదే చెప్పిన."

"చెప్పడం వేరు, పరీక్షలో అందరూ ఒకేలా రాయడం వేరు" అన్నాను.

పాపను ఎత్తుకున్నామె లేచింది. "సార్, రిజల్టు ఆపుతరా? నేను బీఎడ్ ఎంట్రన్సు రాసిన. డిగ్రీ చేతికి రాకపోతే సీటు పోతది సార్. మా అత్తగారోళ్లు మల్లొక్కపారి పంపరు."

దానికి నేనేం చెప్పానో రాయను. చట్టం, నియమం అని ఏదో అన్నాను. కెమిస్ట్రీ సారు నా మోచేతిని పొడిచి, "భాషణ్ ఆపు భాయ్. ఒక లెక్క ఇయ్యి, మన ముంగటనే చేస్తరు" అన్నాడు.

అది సబబుగానే తోచింది. అంకెలు మార్చి కొత్త లెక్క ఇచ్చాను. నా నోట్‌బుక్‌లో జవాబు ముందే వేసి పెట్టుకున్నాను, పది పవర్ మైనస్ ఏడు మీటర్లు. క్వారీ నుంచి వచ్చినతను బోర్డు దగ్గరికి వెళ్లాడు. దుమ్ము చేతికి చాక్‌పీసు దుమ్ము తోడైంది. ఆగకుండా నాలుగు వరుసలు రాశాడు. ముందు ఆ వాక్యం, తర్వాత బార్న్‌ను చదరపు మీటర్లుగా మార్చడం, తర్వాత గుణకారం, తర్వాత జవాబు. పది పవర్ మైనస్ మూడు. "ఒక్క మిల్లీమీటర్ సార్" అన్నాడు.

"తప్పు" అన్నాను. నోట్‌బుక్ చూడకుండానే అన్నాను.

అతను మేడమ్ వైపు చూశాడు. మేడమ్ నావైపు చూశారు. "యాడ తప్పు సార్?"

"జవాబు మైనస్ ఏడు రావాలి."

"అంటే మందం ఎంత అయితది సార్?"

"పది పవర్ మైనస్ ఏడు మీటర్లు."

"మరి పరీక్షల ఇచ్చిన కాడ్మియం లెక్కకు?"

"మైనస్ ఎనిమిది."

ఆమె చాలా మర్యాదగా అడిగారు. "సార్, తప్పుగ అనుకోకుండ్రి. ఒక పరమాణువు అడ్డం ఎంతుంటది?"

"సుమారు మూడు ఇంటూ పది పవర్ మైనస్ పది."

"అంటే మీరు చెప్పే రేకుల ముప్పై పరమాణువులు ఒకదాని మీద ఒకటి పేర్చితే అయిపాయె. న్యూట్రాన్ గక్కడికే దొరికిపోతది. గట్లయితే రియాక్టర్ల కాడ న్యూట్రాన్లను ఆపనీకి గా మోటు మోటు కడ్డీలు ఎందుకు సార్? బంగారు రేకు సాగగొట్టేటోళ్లు గూడ గంత పల్సగ కొట్టలేరు. మా పిల్లలకొచ్చిన జవాబు మిల్లీమీటర్ల పదో వంతు. గది చేతితోని పట్టుకునే రేకు."

చంకలోని పాప కేరింత కొట్టింది. నాకు చెమటలు పట్టాయి, మే నెల వల్ల కాదు. నేను లేచి, చాక్‌పీసు తీసుకుని, పదకొండేళ్లలో మొదటిసారి ఆ మార్పును పుస్తకం చూడకుండా నా చేత్తో నేను చేశాను. మీటరుకు వంద సెంటీమీటర్లు. చదరపు మీటరుకు వంద వందలు, అంటే పదివేల చదరపు సెంటీమీటర్లు. మైనస్ ఇరవై నాలుగులోంచి ఇంకో నాలుగు పోవాలి. మైనస్ ఇరవై ఎనిమిది చదరపు మీటర్లు. ఇరవై ఎనిమిది! నేను ఇన్నేళ్లుగా రాస్తున్నది, రాయిస్తున్నది మైనస్ ఇరవై నాలుగు చదరపు మీటర్లు.

బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను. వెనక్కి తిరగాలంటే భయమేసింది.

మేడమ్ నన్ను ఆదుకోవాలనుకున్నారు పాపం. "మీది గాదు సార్ తప్పు. గా గైడుల గట్లనే ఉంటది. అందరు దాన్నే చూస్తరు." బెంచీ మీది గైడు తెప్పించి నా చేతికిచ్చారు. ఆ పేజీలో 'చదరపు మీ.' అన్న చోట నీలం సిరాతో పైన 'సెం.' అని చేర్చి ఉంది. "ప్రతి పిల్ల గైడుల నేనే కూసుండి దిద్దించిన. అచ్చేసినోల్లకు కార్డు గూడ రాసిన సార్, జవాబు రాలే. రాసినాయన మంచిగ తెలిసినోడే ఉన్నడు గని, జర తొందరమనిషి."

గైడు అట్ట మీద పేరు లేదు. 'అనుభవజ్ఞుడైన అధ్యాపకునిచే' అని మాత్రం ఉంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లం గైడ్ల మీద పేరు వేసుకునేవాళ్లం కాదు.

కెమిస్ట్రీ సారు పాన్ ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చాడు. ఆయనకు అంతా తెలుసు. ఆ గైడు అచ్చైనప్పుడు ఆయనకు నేనే మిఠాయి పెట్టాను. "చెప్పు ప్రొఫెసర్ సాబ్," అన్నాడు మెల్లగా. "ఎవలో గా అనుభవజ్ఞుడు?"

చెప్పకుండా బయటపడే వీలుంది. ఆయన నన్ను పట్టివ్వడు. ఒక దగ్గు దగ్గి, 'పరిశీలిస్తాం' అని లేచిపోవచ్చు. కానీ పాపను ఎత్తుకున్నామె ఇంకా నిలబడే ఉంది.

"నేనే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మేడమ్ మొహం ఎర్రబడింది. "అయ్యో, తొందరమనిషి అంటి సార్..." అన్నారు. అప్పుడు కెమిస్ట్రీ సారు నవ్వాడు, పాన్ ఊడిపడేంతగా. దానితో గదంతా నవ్వింది. నేను కూడా నవ్వాననే చెప్తుంటాను. అది నవ్వేనని మా కెమిస్ట్రీ సారు ఎన్నడూ ఒప్పుకోలేదు.

తప్పు ఎలా జరిగిందో తిరుగు బస్సులో తేలింది. పాత సిలబస్ అంతా సెంటీమీటర్లలో ఉండేది. మీటర్లలోకి మార్చమని ఉత్తర్వు వచ్చినప్పుడు, నా పాత నోట్సు ముందు పెట్టుకుని వరసగా మారుస్తూ పోయాను. చాలా చోట్ల అంకెలు కూడా మార్చాను. బార్న్ దగ్గరికి వచ్చేసరికి భోజనానికి పిలుపొచ్చిందో ఏమో, 'సెం.మీ.' లోంచి 'సెం' ఒక్కటి కొట్టేసి ముందుకు పోయాను. అంతే. పాఠ్యపుస్తకంలో సరైన విలువే ఉంది. రెండు జిల్లాల్లో పిల్లలు చదివింది నా గైడు. ఆ పిల్లలకు చెప్పిన లెక్చరర్లు చూసుకున్నదీ నా గైడే. ఆ కార్డు కూడా గుర్తొచ్చింది. అచ్చేసినాయన దాన్ని నాకు పంపాడు. 'జర సూసుకోండ్రి' అన్న మాట కనబడగానే, ఎవరో రాయడం రానివాళ్లనుకుని పక్కన పడేశాను.

"నిజంగ ఒకర్ని చూసి ఒకరు రాసినోల్లు మస్తుమంది ఉన్నరు భాయ్," అన్నాడు కెమిస్ట్రీ సారు కిటికీలోంచి దేవరకొండ గుట్టలు చూస్తూ. "అందరు నిన్ను జూసే రాసిన్రు."

క్యాంపులో ఈ సంగతి చెప్తే ఆఫీసరు తల పట్టుకున్నాడు. "గప్‌చుప్ గ ఆ ఇరవై మూడింటికి మార్కులేసి పడెయ్ వయా. బోర్డు మీద రాసింది నువ్వే, తుడిచేది నువ్వే. ఊరంత దండోర ఎందుకు?"

"ఇంకెక్కడైనా సరైన జవాబుకు తప్పు కొట్టి ఉంటాం సార్" అన్నాను.

"అయితే అన్ని కట్టలు మల్ల ఇప్పుతవా?"

"ఇప్పుతా" అన్నాను. ఇన్నేళ్ల తర్వాత నోటివెంట ఇంటి మాట వచ్చింది. ఆయన గమనించలేదు, నేను గమనించాను.

వాంగ్మూలం రాసిచ్చాను, ఈసారి అరపేజీ. గైడు విలువతో పద్ధతిగా లెక్క చేసిన పిల్లలకు ఇచ్చిన మార్కులు తీసేయకూడదని, ఎందుకంటే నేరం వాళ్లది కాదని, సరైన విలువతో చేసినవాళ్లకు పూర్తి మార్కులు పడాలని తీర్మానించారు. ఎనిమిది మందిమి మూడు రోజులు పాత కట్టలన్నీ విప్పి మళ్లీ చూశాం. తోటి లెక్చరర్లు నాకు కొత్త పేరు పెట్టారు, 'సెం సారు'. నేను రిటైరయ్యేదాకా ఆ పేరు నాతోనే ఉంది. నా వీడ్కోలు సభలో ఒకాయన శాలువా కప్పుతూ చెవిలో కూడా అదే అన్నాడు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఇరవై ముగ్గురి ఫలితాలూ అందరితోపాటే వచ్చాయి. బీఎడ్ సీటు పోలేదు. గైడు మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చినప్పుడు, ప్రూఫులు దిద్ది పెట్టమని హుజూర్‌నగర్ మేడమ్‌కు ఉత్తరం రాశాను. వాటిలో ఆమె ఇంకో పందొమ్మిది తప్పులు పట్టి, అన్నింటికీ ఎర్ర సిరాతో సున్నలు చుట్టి పంపారు. ఆ సున్నలు చూసినప్పుడు నా విద్యార్థులకు ఎలా ఉండేదో తెలిసింది. ఆమె తర్వాత పరీక్ష రాసి ప్రభుత్వ కాలేజీలో చేరారు. కొన్నేళ్లకు నా కాలేజీకి తనిఖీ అధికారిగా కూడా వచ్చారు. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని నేను చెప్పే కేంద్రక భౌతికశాస్త్రం పాఠం మొత్తం విన్నారు. ఆ రోజు ప్రతి యూనిట్‌నూ రెండుసార్లు మార్చి చూసుకుని మరీ చెప్పాను.

ఇక ఆ మూడు రోజుల పని సంగతి. వెతగ్గా వెతగ్గా వేరే కట్టల్లో ఇంకో ఆరు పేపర్లు దొరికాయి. ఆ పిల్లలు గైడును నమ్మకుండా తమంతట తాము మార్చుకుని, సరైన జవాబు రాసి, మా చేతిలో సున్నా తిన్నవాళ్లు. ఆరింటికీ మార్కులు దిద్దాం.

మూడోరోజు మధ్యాహ్నం చివరి కట్ట విప్పాను. అది మా కాలేజీదే, నేను పాఠం చెప్పిన పిల్లలది. అందులో ఒక పేపర్లో ఆ లెక్క ఉంది. నంబరు తప్ప పేరు లేదు, చేతిరాత కూడా నేను గుర్తుపట్టలేకపోయాను. ముందు మైనస్ ఇరవై ఎనిమిది చదరపు మీటర్లు అని రాసి, నెమ్మదిగా అన్ని మెట్లూ ఎక్కి, పది పవర్ మైనస్ నాలుగు దగ్గరికి వచ్చారు. కింద 'రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు' అని కూడా రాశారు. తర్వాత దానిమీద ఒక అడ్డగీత. దాని కింద మళ్లీ మొదలుపెట్టి మైనస్ ఎనిమిది. అంచున చిన్న అక్షరాల్లో, 'మా సారు చెప్పిన విలువ ఇది.'

మా గదిలోనే ఎవరో ఆ పేపరుకు ఆరుకు ఆరు వేశారు. దిద్దడానికేమీ లేదు. ఇంకో మార్కు వేసే చోటు కూడా లేదు.

పక్క సారు కట్ట ఇమ్మని చేయి చాచాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను. ఆ అడ్డగీత కొట్టేసిన లెక్క పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, కట్ట కట్టేశాను.